ఆది జాకెట్టు ఆడిన అబద్ధం

ఆది జాకెట్టు అబద్ధమాడుతుంది. మా వృత్తిలోకి కొత్తగా అడుగుపెట్టే అమ్మాయిలకు నేను చేయగల ఉపదేశమంతా ఈ చిన్న వాక్యంలోనే ఉంది. తక్కినదంతా దీనికి వ్యాఖ్యానం. వ్యాఖ్యానం మూలం కంటె పొడుగ్గా ఉండటం నేను చదువుకున్న చదువులో దోషం కాదు గనుక, కొంచెం విస్తరించి చెబుతాను.

నేటి పిల్లలు రెడీమేడ్ దుస్తులకు అలవాటుపడినవారు; ఆది అంటే తెలియకపోవచ్చు. కొత్త రవిక కుట్టించుకోదలచిన స్త్రీ మా కాలంలో ఒంటికి టేపు తగలనిచ్చేది కాదు. తనకు చక్కగా అమరిన పాత రవిక ఒకటి తెచ్చి, "ఇదిగో ఆది, అచ్చం ఇట్లాగే కుట్టండి" అని బల్ల మీద పెట్టి వెళ్లేది. పద్ధతి సుఖమైనదే. చిక్కల్లా ఒక్కటే: ఆమె తెచ్చేది ఇప్పుడు అమరే రవికను కాదు, ఒకప్పుడు అమరిన రవికను. మనిషి పెరుగుతుంది, పిల్లల్ని కంటుంది, పండగలకు అరిసెలు తింటుంది. ఆది మాత్రం బీరువాలో నిత్యయౌవనంతో పడి ఉంటుంది. దాన్ని నమ్మి కుడితే రవిక పట్టదు. పట్టనప్పుడు ఆ స్త్రీ తన ఒంటిని అనదు, ఆదిని అనదు. దర్జీని అంటుంది.

నేను ఓరియంటల్ కళాశాలలో భాషాప్రవీణ చదివాను. ప్రబంధాలూ అలంకారశాస్త్రమూ ఔపోసన పట్టి, తొంభైల తొలినాళ్లలో బందరులో రవికలకు హుక్కులు కుట్టే పనిలో పడ్డాను. ఈ రెండింటికీ పొంతన ఏమిటని అడిగినవారికి ఎప్పుడూ ఒకటే సమాధానం చెప్పేదాన్ని: రెండూ నాయికల నడుముల గురించినవే.

పై అధికారి

ఉద్యోగాలు చేసినవారు తమ పై అధికారులను గురించి పుస్తకాలు రాసుకుంటారు. నాకున్న ఒకే ఒక్క పై అధికారి మా అత్తగారు.

మా ఇంటికి వీధివైపు ఒక వసారా ఉండేది. ఇల్లంతా అత్తగారిదే అయినా ఆ వసారా మీద ఆవిడకు ప్రత్యేకాభిమానం. భోజనానంతరం అక్కడ పడక్కుర్చీ వేసుకుని వీధిని పరిపాలించేవారు. ఆ సింహాసనం పక్కన కాస్త జాగా ఇమ్మని అడగటానికి నేనూ మా తోటికోడలు సరోజా ధైర్యం కూడగట్టుకోవలసి వచ్చింది.

సరోజ మా మరిది భార్య. గుడివాడ పిల్ల. పెళ్లికి ముందే అక్కడి కుట్టు శిక్షణ కేంద్రంలో కత్తెర పట్టడం నేర్చుకుంది. కాపురానికి వస్తూ తనతో కుట్టుమిషను తెచ్చుకుంది. అది మొదలు మా వీధిలోని ఆడవారందరికీ పెరటి గుమ్మం దారి తెలిసిపోయింది. "సరోజా, ఈ ఒక్క హుక్కు", "అమ్మాయ్, ఈ చంక కాస్త వదులు చేద్దూ" అంటూ వచ్చేవారు, పని కాగానే చీర దులుపుకుని వెళ్లేవారు. ఒకనాడు నేను కొట్టు ప్రస్తావన తెస్తే సరోజ మిషను ఆపి నా వంక చూసింది.

"ఊరికే కుట్టించుకునేవాళ్లు పెరటి గుమ్మంలోంచి వస్తారు అక్కయ్యా. నాకు వీధి గుమ్మంలోంచి వచ్చేవాళ్లు కావాలి" అంది.

ఆమె కోరిక అంతే. ఆ తరువాత మేము చేసిన వ్యాపారమంతా ఆ కోరికకే పుట్టింది.

అత్తగారు విన్నారు. వీధిని ఒకసారి కలయజూశారు. "ఈ పెళ్లిళ్లు దాటేదాకా వసారా వాడుకోండి. నలుగురూ నవ్వే పని ఒక్కటి జరిగిందో, మందుల కొట్టతనికి అద్దెకి ఇచ్చేస్తాను. ఇప్పటికే అతను పోతూ పోతూ ఇటే చూస్తున్నాడు" అన్నారు.

కొట్టుకు పేరు పెట్టే బాధ్యత సహజంగానే నా పాండిత్యం మీద పడింది. చాలా ఆలోచించి 'పరిధానమంజూష' అని బోర్డు రాయించాను. అత్తగారు పడక్కుర్చీలోంచి లేవకుండానే అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివారు.

"ఏం పేరే అది?"

"బట్టల పెట్టె అని అర్థమండీ అత్తయ్యగారూ."

"మరి బట్టల పెట్టె అనే రాయించకపోయావా!"

వారం తిరక్కుండా వీధే ఆ చిక్కు విడదీసింది. అందరూ 'తోటికోడళ్ల కొట్టు' అన్నారు. నా సమాసం బోర్డు మీద కాకులకు ఆసరాగా మిగిలింది. అందుచేత చెబుతున్నాను: కొట్టుకు పేరు పెట్టే హక్కు కొట్టు పెట్టినవారికి ఉండదు. వచ్చేవారు ఏమని పిలిస్తే ఆ పేరే బోర్డుకెక్కించండి.

సరోజ కత్తెర పట్టేది. నేను మాటలు చెప్పేదాన్ని. ఇది తేలిక విభజన అనుకోకండి. ఫ్యాషన్ అన్నది ఆ రోజుల్లో బెజవాడలో పుట్టి, గుడివాడ మీదుగా తీరిగ్గా బందరు చేరి, ఇంకా తీరిగ్గా పులిగడ్డ దాటి దివిసీమకు పోయేది. అది అక్కడ కాలు పెట్టేసరికి బెజవాడలో వెలిసిపోయేది. ఎవరికి ఏది కొత్తో, ఎవరికి ఏది పాతో కనిపెట్టి ఒప్పించడం నా పని. బెజవాడ చూసి వచ్చినావిడకు మెడ వెనక ముడి చూపించాలి. చూడనావిడకు దాని మాట ఎత్తకూడదు. ఒక్కొక్కసారి ఇద్దరూ అక్కచెల్లెళ్లయి ఒకేసారి వచ్చేవారు.

దివిసీమ నుంచి వచ్చిన మూట

మాఘమాసం ముహూర్తాలు మొదలవుతుండగా మా గుమ్మం ముందు ఒక కారు ఆగింది. అందులోంచి భ్రమరాంబ గారు దిగారు. అవనిగడ్డ దగ్గర ఒక పల్లెలో పెద్ద వ్యవసాయం, పెద్ద ఇల్లు, పెద్ద గొంతు. ఆవిడ ఇంట శుభకార్యానికి ఏ కొట్టులో కుట్టిస్తే ఆ చుట్టుపక్కల ఊళ్లన్నీ ఆ కొట్టుకే వస్తాయని ప్రతీతి. ఆవిడ కొడుక్కి ముదినేపల్లిలో చేపల చెరువుల వారి అమ్మాయితో సంబంధం కుదిరింది. ముహూర్తానికి పెళ్లికూతురు కట్టే చీరె, తొడిగే రవిక మగపెళ్లివారే పెట్టడం వారి ఆనవాయితీ. అందుచేత చీరెలూ, ఇంటి ఆడవారందరి ఆదులూ మూటగట్టి తెచ్చారు.

"ఇది పెళ్లికూతురి ఆది. వాళ్లమ్మ పంపించింది" అంటూ పైన ఉన్న రవిక తీసి బల్ల మీద పరిచారు. "దీని ప్రకారం కుట్టండి. దారప్పోగంత తేడా రాకూడదు. పట్టుకెళ్లేటప్పుడు రెంటినీ ఒకదాని మీద ఒకటి పరిచి చూసుకుంటాను. ముందే చెప్తున్నా."

"అట్టాగేనండీ" అంది సరోజ.

"ఇది నాది." ఆవిడ ఆది బుట్టచేతుల రవిక. ఆ చేతులు నా పెళ్లినాటికే పాతబడినవి. "చేతులు మాత్రం ఇప్పటి ఫ్యాషన్‌లో పెట్టండి. ఒళ్లు అదే."

సరోజ ఆ రవికను చూసింది, ఆవిడను చూసింది, చూపు దించుకుంది. మా వృత్తిలో ఈ మూడవది ముఖ్యం.

"టేపు పెట్టి ఒకసారి చూసుకోనాండీ?" అంది మెల్లగా.

"ఆది ఉండగా టేపెందుకమ్మా!"

పడక్కుర్చీలోంచి అత్తగారు అందుకున్నారు. "మా కోడళ్ల పని ముచ్చటగా ఉంటుందండీ. తేడా వస్తే తిన్నగా నాకు చెప్పండి. వసారా నాదే."

కారు వీధి మలుపు తిరిగేదాకా ఆగి, సరోజ పెళ్లికూతురి ఆదిని తిరగేసి కుట్లు చూసింది. నేను ఏ తాటాకు ప్రతినీ అంత శ్రద్ధగా చూడలేదు.

"దీన్ని ఎవరూ ఒక్కసారి కూడా తొడుక్కోలేదు అక్కయ్యా. చంక దగ్గర ముడత లేదు. హుక్కు దగ్గర సాగుడు లేదు. ఆదిగా పంపడానికే కుట్టించిన ఆది ఇది" అంది.

"అంటే పిల్ల ఇంతకంటె…"

"పిల్ల ఇంతకంటె ఒళ్లుగా ఉందనే కదా!"

అప్పుడు అర్థమైంది మా అవస్థ. ఆది ప్రకారం కుడితే పెళ్లిపీటల మీద హుక్కులు కలవవు. 'తోటికోడళ్లు చెడగొట్టారు' అని దివిసీమ అంతా అనుకుంటుంది. పిల్లకు సరిపడేలా కుడితే, భ్రమరాంబ గారు పరిచి చూసిన మరుక్షణం తప్పు మాదే అంటారు. ఇట్లా అనుమానంగా ఉందని ఆవిడతోనే అంటే, కాపురానికి రాకముందే ఆ పిల్లకు అత్తగారి ఎదుట చిన్నతనం. ఒకరి ఒళ్లు గురించి ఇంకొకరి దగ్గర నోరెత్తకూడదన్నది సరోజ పెట్టుకున్న నియమం. నేను కనుక్కున్నంతలో మా వ్యాపారానికి అంతకు మించిన మూలధనం లేదు.

"ముదినేపల్లికి ఫోన్ చేసి అడిగేద్దామా?" అన్నాను.

"ఏమని? మీ అమ్మాయి లావాండీ అనా?"

వీధిలో మందుల కొట్టతను సైకిలు మీద పోతూ వసారా వంక చూశాడు. అత్తగారికి చిరునవ్వుతో నమస్కారం కూడా పెట్టాడు.

పద్యాల పేరిట ప్రయాణం

నా చదువు వ్యాపారానికి అక్కరకొచ్చిన సందర్భాలు చాలా తక్కువ. వాటిలో ఇదొకటి.

పెళ్లిలో వధూవరుల మీద ఐదు పద్యాలు రాసి, అచ్చువేయించి, పందిట్లో చదివించడం మా వైపు ముచ్చట. వీటిని పంచరత్నాలంటారు. రాసేవారు దొరికితే పెళ్లివారికి అది గొప్ప. దివిసీమవారి బట్టలు కుడుతున్న సంతోషంలో పెళ్లికూతురి మీద పంచరత్నాలు రాసిస్తానని ముదినేపల్లికి కబురు పంపాను. అయితే కన్యను చూడనిదే కలం పట్టనని షరతు పెట్టాను. మా గురువులు వింటే నవ్వి ఉండేవారు. కన్యను చూడకుండానే వర్ణించడం నేర్పేందుకే వారు నాతో అన్నేళ్లు కుస్తీపట్టారు.

బస్సులో గుడివాడ చేరి, సరోజ పుట్టింట్లో భోంచేసి, ఆటోలో బయల్దేరాం. దారికి రెండు వైపులా చేపల చెరువులు ఎండకు మిలమిల్లాడుతున్నాయి. సరోజ చేతిసంచిలో టేపు ఉంది. నా సంచిలో కాగితాలు ఉన్నాయి. రెంటిలో ఏది ముందు బయటికి తీయాలో తేల్చుకోకుండానే ఇల్లు వచ్చేసింది.

పెళ్లికూతురి తల్లి నాగరత్నం గారు ఎంతో మర్యాదగా కూర్చోబెట్టి, మా ముందు సున్నుండల పళ్లెం పెట్టారు. "ఉషా, రామ్మా. పద్యాలావిడ వచ్చారు" అని పిలిచారు.

ఉష వచ్చింది. పచ్చగా, నిండుగా, నవ్వు ముఖంతో ఉంది. డిగ్రీ చదివిందట. చెరువుల దగ్గర ఆమె ఒక్క కేక వేస్తే అవతలి గట్టు మీది పనివారు పలుకుతారట. ఆమె చూపు తిన్నగా సున్నుండల మీద వాలింది. తల్లి ఆమె చేతికి మజ్జిగ గ్లాసు అందించారు.

"పెళ్లిదాకా తీపి ముట్టనని పట్టుబట్టిందండీ" అన్నారు నాగరత్నం గారు.

"నేనాండీ?" అంది ఉష.

ఆవిడ కాఫీ కలపడానికి లోపలికి వెళ్లారు. నేను కాగితం తీసి గంభీరంగా ముఖం పెట్టాను.

"కూర్చోనా, నిలబడనాండీ?" అని అడిగింది ఉష.

"నిలబడమ్మా. కొంచెం చేతులు పక్కకి చాపు" అంది సరోజ తొందరపడి.

ఉష చేతులు చాపింది. మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూసింది. "పద్యానికి చంక కొలత కూడా కావాలాండీ?" అంది.

ఆమె వెళ్లి తలుపు దగ్గరగా వేసి వచ్చింది. "మీరు బందరు తోటికోడళ్లు కదూ! మా క్లాస్‌మేట్ మీ దగ్గరే కుట్టించుకుంటుంది. ఆ ఆది చూసి వచ్చారు. అంతేనా?"

"అంతేనమ్మా" అంది సరోజ.

"పెళ్లిచూపులప్పుడు కాబోయే అత్తగారు మాటవరసకి 'పిల్ల కాస్త ఒళ్లుగా ఉందే' అన్నారండీ. మా అమ్మ వెంటనే 'పెళ్లినాటికి తగ్గిపోతుందిలెండి' అనేసింది. అన్నమాట నిలబెట్టడానికి అప్పట్నుంచీ నేను మజ్జిగ తాగుతున్నా. తగ్గింది మాత్రం మా అమ్మే, బెంగతో. తగ్గాక నేను ఎట్లా ఉంటానో ఊహించుకుని ఆ ఆది కుట్టించింది."

"మరి పెళ్లికొడుకు ఏమన్నారు?" అన్నాను.

"ఆయన నన్ను చూసి ఒప్పుకున్నారండీ. జాకెట్టుని చూసి కాదుగా!"

నవ్వుతూనే అంది. ఆ వెంటనే గొంతు తగ్గించింది. "నాకేం ఫర్వాలేదండీ. హుక్కులు ఊడితే పమిట నిండుగా కప్పుకుని కూర్చుంటా. మా అమ్మ మాత్రం మళ్లీ ఆవిడ ముందు తలెత్తుకోలేదు. ఏదో ఒకటి చేయండి."

సరోజ టేపు తీసింది. వంటింట్లో గ్లాసుల చప్పుడు వినపడుతుండగానే కొలతలు పూర్తయ్యాయి. నేను కాగితం మీద ఒక్క పద్యపాదం కూడా రాయలేదు. నాగరత్నం గారు కాఫీతో వచ్చి, "చూశారా అమ్మా?" అని ఆశగా అడిగారు.

"కళ్లారా చూశామండీ" అన్నాను.

మేము గుమ్మం దిగుతుంటే ఉష వెనకాలే వచ్చింది. "పద్యంలో నడుం సన్నం అని మాత్రం రాయకండి. అచ్చులో పడితే జన్మంతా మజ్జిగే."

ఆ మాట నన్ను ఆటోలో కూడా వదల్లేదు. నాయిక అనగానే నా కలం దానంతటదే తనుమధ్య, కృశాంగి, లతాంగి అని పరుగెత్తేది. ఆ సాయంత్రం ఆ మాటలన్నీ ఆదుల్లాగే కనిపించాయి: ఎవరికో ఎప్పుడో కుట్టినవి, ఎవరికీ పట్టనివి. చివరికి చెరువుగట్ల మీద కేకను, మజ్జిగ గ్లాసు వెనక నవ్వును, తల్లి కోసం తగ్గిన గొంతును పద్యాలు చేశాను. అలంకారశాస్త్రం ఒప్పుకునేది కాదేమో గాని, ఆ ఐదింటిలో ఆ పిల్ల ఉంది.

లోపలి గుడ్డ

సరోజ చేసిన ఉపాయం ఇది. రవికను ఉష ఒంటి అసలు కొలతకే కత్తిరించింది. అధికంగా ఉన్న గుడ్డనంతా రెండు పక్కలా కుట్టు లోపలికి మడిచి, ఆ మడతను కచ్చా కుట్టుతో పట్టి ఉంచింది. కచ్చా కుట్టు అంటే తాత్కాలికంగా వేసే పొడుగు కుట్టు. కొస పట్టుకుని లాగితే దారం మొత్తం ఊడి వస్తుంది. దారం ఉన్నంతసేపూ రవిక ఆది కొలతే. దారం లాగితే ఉష కొలత. మడత ఉబ్బెత్తుగా కనపడకుండా ఇస్త్రీతో అణచడానికి ఆమె పడిన అవస్థ మీకు చెబితే అర్థం కాదు. ఒకసారి పట్టుగుడ్డ మీద చేసి చూడండి.

ఇక్కడ ఒక కఠినమైన మాట అంటాను. నేటి రెడీమేడ్ దుస్తుల్లో లోపల అంగుళం గుడ్డ వదలటం లేదు. మిగిల్చిన గుడ్డతో ఇంకొక దుస్తు వస్తుందని వారి లెక్క. తొడుక్కునే మనిషి రేపు మారుతుందన్న లెక్క వారికి లేదు. గుడ్డ వదలని కుట్టు ఎంత అందమైనదైనా నా దృష్టిలో మొరటు పనే.

భ్రమరాంబ గారు అన్నమాట ప్రకారం వచ్చారు, అన్నమాట ప్రకారమే ఆదిని, రవికను ఒకదాని మీద ఒకటి పరిచారు. అంచులు సరిచూశారు. చేత్తో నిమిరారు. ఆ చేయి పక్క కుట్టు మీదికి వచ్చి ఆగింది. అత్తగారు కుర్చీలోంచి ముందుకు వంగారు.

"పక్క కాస్త దళసరిగా ఉందే?"

"పట్టు కదండీ. అంచు చీలకుండా రెండు మడతలు వేశాను" అంది సరోజ. అబద్ధం కాదు.

"బాగుంది" అన్నారు. తమ రవికను పైపైన చూసి మడిచేశారు.

"పెళ్లికూతురికి చీరె కట్టడానికి నేను రావచ్చాండీ? కొత్త గుడ్డ, ఏదైనా సర్దాల్సి వస్తే…" అని అడిగింది సరోజ.

"రావమ్మా. పద్యాలావిడ ఎటూ వస్తున్నారుగా. ఇద్దరూ రండి."

ఆవిడ వెళ్లాక అత్తగారు మమ్మల్ని పిలిచారు. "దళసరి సంగతేంటో నాకు చెప్పక్కర్లేదు. నవ్వులపాలు కాకుండా చూసుకోండి" అన్నారు. ఆ పెళ్లికి ఆవిడను ఎవరూ పిలవలేదు గాని, ఆ క్షణం నుంచి ఆవిడ కూడా ఆ పెళ్లివారే.

ముహూర్తం నాటి ఉదయం

పగటి ముహూర్తం. మేము తెల్లవారేసరికి ముదినేపల్లి చేరాం. ఎండెక్కుతుండగా మగపెళ్లివారి బస్సు వచ్చింది. భ్రమరాంబ గారు దిగారు. అడుగులో అడుగు వేస్తూ, వెన్ను నిటారుగా నిలిపి, మెడ కూడా తిప్పకుండా నడిచి విడిదింట్లోకి వెళ్లారు. ఎవరు పలకరించినా "ఊఁ" తప్ప మాట లేదు. కాఫీ వద్దన్నారు. ఉప్మా వద్దన్నారు. అంత పెద్ద గొంతు అంత మౌనంగా ఉండటం చూసి నాగరత్నం గారు నా దగ్గరికి పరుగెత్తుకొచ్చారు.

"వదినగారికి ఏదో కోపం వచ్చిందండీ. తెలిసిపోయిందేమో" అన్నారు. అప్పటికి ఉష ఆమెకు సంగతంతా చెప్పేసింది.

నాకూ అదే అనుమానం. సరోజ మాత్రం తిన్నగా పెళ్లికూతురి గదిలోకి నడిచింది.

ఆనవాయితీ ప్రకారం పెళ్లికొడుకు తల్లే చీరె, రవిక పళ్లెంలో పెట్టి తెచ్చి ఇవ్వాలి. భ్రమరాంబ గారు తెచ్చారు, ఇచ్చారు, పసుపు కుంకుమలు పెట్టారు. ఇచ్చి వెళ్లిపోతారని మేమనుకున్నాం. వెళ్లారు కూడా. తలుపు వేసి ఉష రవిక తొడుక్కుంది. హుక్కులు అరచేతి ఎడంలో ఆగిపోయాయి. సరోజ ఎడమ పక్క దారం కొస పట్టుకుని లాగుతుండగా తలుపు తెరుచుకుంది. మరచిపోయిన గంధం గిన్నె చేత పట్టుకుని భ్రమరాంబ గారు గుమ్మంలో నిలబడి ఉన్నారు.

సరోజ చేతిలో సగం వచ్చిన దారం. ఉష ఒంటి మీద సగం విడిన మడత. నాగరత్నం గారు గోడకు ఆనుకుపోయారు. బయట మేళం ఒక్కటే నిశ్చింతగా వాయిస్తోంది.

భ్రమరాంబ గారు లోపలికి వచ్చారు. దారం వంక చూశారు. మడత వంక చూశారు.

"తలుపెయ్యండి" అన్నారు.

నేనే వేశాను. మా వసారా, ఆ పడక్కుర్చీ, మందుల కొట్టతని నమస్కారం అన్నీ కళ్ల ముందు తిరిగాయి.

"వదినగారూ, తప్పు నాదండీ. తగ్గుతుందని నేనే…" అని నాగరత్నం గారు మొదలుపెట్టబోయారు.

"కాస్త ఆగండి వదినా!" భ్రమరాంబ గారు గంధం గిన్నె కింద పెట్టి సరోజ వైపు తిరిగారు. గొంతు పూర్తిగా పెగల్లేదు. "అమ్మాయ్, నా జాకెట్టులో కూడా ఇట్టాంటి దారం ఏమన్నా పెట్టావా?"

"పెట్టానండీ. రెండు చంకల కిందా ఉంది. చివర ముడి తగులుతుంది."

"ముందు నాది లాగు తల్లీ. అవనిగడ్డ నుంచి ఊపిరాడకుండా కూర్చుని వచ్చాను!"

సరోజ అటొక దారం, ఇటొక దారం లాగింది. భ్రమరాంబ గారు తీసిన దీర్ఘశ్వాస ఎంతటిదంటే, ఉష ఆపుకోలేక పకాలున నవ్వింది. ఆ కేక అవతలి గట్టుకు వినపడటం అతిశయోక్తి కాదని నాకప్పుడు తెలిసింది. ఆ వెనక భ్రమరాంబ గారూ నవ్వారు. నాగరత్నం గారికి మాత్రం ముందు కన్నీళ్లు వచ్చి, తరువాత నవ్వు వచ్చింది. ఆ నవ్వుల మధ్యే ఉష మజ్జిగ సంగతి కూడా బయటపెట్టేసింది.

"మీ అమ్మ చెప్పిందని నువ్వు మజ్జిగ తాగావా?" అన్నారు భ్రమరాంబ గారు కోడలి గడ్డం పట్టుకుని. "మా ఇంట్లో అట్టాంటివి కుదరవు. పిల్లకేదైనా తినడానికి తెండి వదినా. నాక్కూడా. ఇందాకటి ఉప్మా ఉందా?"

తలుపు తెరిచే ముందు మా ఇద్దరి వంక చూసి, "ఈ గదిలో సంగతి ఈ గదిలోనే" అన్నారు. సరోజ తల ఊపింది. వేరే ఒప్పందం అక్కర్లేకపోయింది.

పందిట్లో నా పంచరత్నాలు చదివించారు. మేళం హోరులో ఎవరికీ వినపడలేదు. పీటల మీద ఉష మాత్రం నవ్వవలసిన చోటనల్లా నవ్వింది. ఏ కవికైనా అంతకంటె గొప్ప సభ దొరకదు.

వీధి గుమ్మం

భ్రమరాంబ గారు మాట తప్పలేదు. ఎవరితోనూ ఏమీ చెప్పలేదు. అయినా ఆ చైత్రంలోనే దివిసీమ ఆడవారు మా గుమ్మం ఎక్కసాగారు. ఆది బల్ల మీద పెట్టి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "భ్రమరాంబ గారికి కుట్టినట్టే కుట్టండి" అనేవారు. సరోజ ఆదిని చూసేది, మనిషిని చూసేది, చూపు దించుకునేది. "అట్టాగేనండీ" అనేది. అందరూ వీధి గుమ్మంలోంచే వచ్చారు.

మందుల కొట్టతనికి మార్కెట్ దగ్గర జాగా దొరికింది. అత్తగారు ఒకనాటి మధ్యాహ్నం పడక్కుర్చీ కొంచెం వెనక్కి జరిపించారు. ఆ ఖాళీలో మాకు ఇంకొక మిషను పట్టింది. వసారా మాకిచ్చినట్టు ఆవిడ నోటితో ఎప్పుడూ అనలేదు. కుర్చీ వెనక్కి జరగడమే దానపత్రం. ఇంకొన్నాళ్లకు తమ ఆది కూడా తెచ్చి బల్ల మీద పెట్టారు. "నాకు దారాలూ గీరాలూ ఏమీ వద్దు. నేను అప్పుడూ ఇంతే, ఇప్పుడూ ఇంతే" అన్నారు. ఆ రవికకు ఏం పెట్టామో సరోజకూ నాకూ మాత్రమే తెలుసు.

తరువాత గుడివాడలో కొట్టు తెరిచాం. పంజాబీ డ్రెస్సులు వచ్చాయి, చుడీదార్లు వచ్చాయి, పెద్ద పెద్ద షోరూములు వచ్చాయి. ఆ చరిత్ర మీకు అక్కర్లేదు. కొత్తగా కొట్టు తెరిచే అమ్మాయిలు నన్ను రంగులను గురించి, డిజైన్లను గురించి అడుగుతుంటారు. అవి మీకే బాగా తెలుసు. నాకు తెలిసినవి అప్పుడే బెజవాడలో వెలిసిపోయాయి. నేను చెప్పేది ఇంతే. మీ దగ్గరికి వచ్చే మనిషి తాను ఎలా ఉన్నానని అనుకుంటుందో ఆ కొలత చేతిలో పెట్టుకుని వస్తుంది. దాన్ని వాదించి సరిదిద్దకండి. నవ్వకండి. తీసుకోండి. లోపల గుడ్డ వదలండి.

నేను కొట్టు మానేసి చాలా కాలమైంది. సరోజ ఇంకా కత్తెర వదల్లేదు. మొన్న ఒక పట్టు రవిక కుట్టి పెట్టమని బీరువాలోంచి నా ఆది తీసి పంపాను. మంచి ఆది. చక్కగా అమరినది. ఎప్పుడు అమరిందన్న సంగతి ఇక్కడ అప్రస్తుతం. "దీని ప్రకారమే కుట్టు. నాకు ఆ వేషాలేమీ వద్దు" అని ఫోన్‌లో కూడా చెప్పాను.

"అట్లాగే అక్కయ్యా" అంది.

రవిక వచ్చింది. తొడుక్కున్నాను. హుక్కులు హాయిగా కలిశాయి. ఒక్క క్షణం నాకెంతో గర్వం కలిగింది. ఆ వెంటనే అనుమానం వచ్చి, చంక కింద వేలు పెట్టి దారం కొస కోసం వెతికాను. ఎడమ పక్క వెతికాను. కుడి పక్కా వెతికాను.

లేదు. ముందే లాగేసి పంపింది.